న్యూజెర్సీ ఇంట్లో పద్దెనిమిది అడుగుల హాలు: ఒక శరత్కాలపు కేస్ స్టడీ

నేను ఇంటీరియర్ డిజైనర్‌ని. ఫోన్ చేసినావిడ మొదట అన్న మాట, "అక్కా, మా హాలు ఫాల్‌కి కోజీగా చేసిపెట్టాలి." అంటే శరత్కాలానికి వెచ్చగా, హాయిగా ఉండేట్టు. అసలు సంగతి ఆ తర్వాత వచ్చింది. "అత్తయ్య వచ్చి ఆరు వారాలైంది. ఒక్కరోజు కూడా హాల్లో కూర్చోలేదు. పొద్దస్తమానం వంటింట్లోనే ఉంటున్నారు. నేనేదో పని చెప్పి కూర్చోబెడుతున్నానని మా ఆయన అనుమానం."

2025 సెప్టెంబర్ ఆఖరి వారం అది. సెంట్రల్ న్యూజెర్సీలో తొంభైల చివర్లో కట్టిన ఇల్లు. ఆ రోజుల్లో ఇక్కడ రెండంతస్తుల ఎత్తు హాళ్ళ మోజు బాగా ఉండేది. ఈ హాలు ఇరవై అడుగుల పొడవు, పదహారు వెడల్పు, పద్దెనిమిది ఎత్తు. ఒక గోడ నిండా రెండు వరసల కిటికీలు, మధ్యలో ఎప్పుడూ వెలిగించని ఫైర్‌ప్లేస్, దాని పైన టీవీ, మేడ మీద నుంచి హాల్లోకి కనబడే రెయిలింగ్. ఇల్లు కొనేటప్పుడు మనవాళ్ళు ముచ్చటపడేది ఈ హాలు చూసే. గృహప్రవేశం ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. ఆ తర్వాత ఎవరూ అందులో కూర్చోరు. నేను చూసిన ఇలాంటి హాళ్ళలో సగానికి పైగా ఇదే కథ.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను టేపు కూడా బయటికి తీయను. సాయంత్రం ఆరింటికి వెళ్ళి, ఏడున్నర దాకా ఊరికే కూర్చున్నాను. చీకటి పడేటప్పుడు గది ఎలా మారుతుందో చూస్తే చాలా తెలుస్తుంది. పెద్దావిడ వంటింట్లోనే ఉన్నారు. స్టవ్వుకీ గోడకీ మధ్య సందులో ఒక కుర్చీ వేసుకుని, ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని వెల్లుల్లి ఒలుస్తున్నారు. నెత్తి మీద కప్‌బోర్డు అడుగున చిన్న పసుపు లైటు. స్టవ్వు మీద పప్పు ఉడుకుతోంది. నేను పలకరిస్తే "ఏమ్మా, మీదే ఊరు?" అని మొదలుపెట్టి, మా ఇంటిపేరు దాకా అడిగి తెలుసుకున్నారు. తెనాలి దగ్గర వాళ్ళది.

"పిన్నిగారూ, హాల్లో కూర్చుందామా?" అన్నాను.

"అదా? అది కల్యాణ మండపంలా ఉంటుందమ్మా. పెళ్ళయిపోయాక మిగిలిన మండపంలా."

నా నోట్‌బుక్‌లో రాసుకున్న మొదటి వాక్యం అదే. ఆవిడ కోడలు నాకు పంపిన ఇరవై ఏడు ఫొటోల కంటే అది పనికొచ్చింది. ఆ వంటింటి కుర్చీలో ఏముందో లెక్కపెట్టుకున్నాను. వీపు వెనక గోడ ఉంది. చేతి దగ్గర పసుపు వెలుగుంది. పక్కన వెచ్చదనం ఉంది. కూర్చున్నచోట నుంచి వీధి తలుపు కనబడుతుంది, కోడలు గొంతు పెంచకుండా మాట్లాడే దూరంలో ఉంటుంది. హాల్లో వీటిలో ఒక్కటీ లేదు. అప్పుడే నిర్ణయించుకున్నాను, నా పని హాలును అలంకరించడం కాదు, ఆ సందును హాల్లోకి తేవడం.

ఇక ఆ ఇరవై ఏడు ఫొటోల సంగతి. గుమ్మడికాయలు, నారింజ రంగు దిండ్లు, ప్లాస్టిక్ మేపుల్ ఆకుల దండలు, దాల్చినచెక్క వాసన కొవ్వొత్తులు. అమెరికాలో సెప్టెంబర్ రాగానే షాపులన్నీ ఈ సరుకుతో నిండిపోతాయి, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రంగులన్నీ కిటికీ బయట ఉన్నాయి. ఆ ఇంటి పెరట్లో పెద్ద రెడ్ మేపుల్ చెట్టు ఉంది. అక్టోబర్ ఆఖరుకి అది నిప్పంటుకున్నట్టు ఉంటుంది. దాని ముందు వందల డాలర్లు పోసి కొన్న దిండు వెలవెలబోతుంది. పైగా మన లెక్కలో శరత్తు అంటే ఆశ్వయుజ కార్తీకాలు, తేటబడ్డ ఆకాశం, వెన్నెల. ఆకులు రాలేది శిశిరంలో. మనకు శరత్తు తెలుపు, వీళ్ళకు ఎరుపు. అందుకే నేను ఎరుపును బయటే వదిలేసి, గది లోపల గోధుమ, బెల్లం, పాలమీగడ రంగుల్లోనే ఉండిపోయాను. రెండు గుమ్మడికాయలు మాత్రం వీధి గుమ్మం దగ్గర పెట్టనిచ్చాను. పెద్దావిడ దిష్టికి మంచిదని వెంటనే ఒప్పుకున్నారు. మనం కట్టేది బూడిద గుమ్మడి కదా అని నేను గుర్తుచేయలేదు.

కొలతలకు రెండోసారి వెళ్ళింది అక్టోబర్ రెండో వారంలో, కావాలనే ఒక చలి పొద్దున. బయట 42 డిగ్రీల ఫారెన్‌హీట్, సెల్సియస్‌లో ఐదారు. ఇంటి వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ 70 చూపిస్తోంది, అంటే సెల్సియస్‌లో ఇరవై ఒకటి. కోడలు "డెబ్భై పెట్టినా చలంటారక్కా, వయసు కదా" అంది. వయసు ఒక్కటే కాదు. నా దగ్గర పిస్టల్‌లా ఉండే చిన్న థర్మామీటరు ఉంటుంది, దేనివైపు గురిపెడితే దాని ఉపరితలం వేడి చెబుతుంది. కిటికీ అద్దం 60. సోఫా దగ్గర నేల 64. మేడ మీద రెయిలింగ్ దగ్గర గోడ 75. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి వాళ్ళు కడుతున్న గ్యాస్ బిల్లు అంతా ఎవరూ కూర్చోని చోట చేరుతోంది. అంతేకాదు, గాలి డెబ్భై ఉన్నా పక్కన పెద్ద చల్లటి అద్దం ఉంటే మన ఒంటి వేడి ఆ అద్దం వైపు పోతూనే ఉంటుంది. అందుకే కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే వెన్నులో చలి పుడుతుంది. సోఫా సరిగ్గా అక్కడే ఉంది, కిటికీ కిందే. అదీ లెదర్ సోఫా. లెదర్ నిజానికి గది కంటే చల్లగా ఏమీ ఉండదు. ఒంటి వేడిని గుడ్డ కంటే తొందరగా లాగేస్తుంది, అందుకే కూర్చోగానే జిల్లుమంటుంది.

గాలి ఎక్కడి నుంచి దూరుతోందో తెలుసుకోవడానికి ఇక్కడి వాళ్ళు సన్నగా పొగ వదిలే స్మోక్ పెన్ అని ఒకటి వాడతారు. నాకు అగరుబత్తి చాలు. పూజ గదిలోంచి ఒకటి తెచ్చి వెలిగించి, కిటికీల అంచుల వెంట, తలుపుల కింద, నెమ్మదిగా తిప్పాను. కిటికీల దగ్గర పొగ నిటారుగానే లేచింది, అంటే ఫ్రేములు బాగానే ఉన్నాయి. ఫైర్‌ప్లేస్ నోటి దగ్గర పెట్టగానే పొగ మొత్తం తాడు లాగినట్టు లోపలికి, పైకి పోయింది. వీధి తలుపు కింద పెడితే పొగ వాలిపోయి హాల్లోకి వచ్చింది. సంగతి అర్థమైపోయింది. చిమ్నీలో గాలి దారిని మూసే రేకు, డ్యాంపర్ అంటారు, అది ఇల్లు కొన్నప్పటి నుంచీ తెరిచే ఉంది. ఇంట్లో వేడిగాలి చిమ్నీ లోంచి ఎగిరిపోతుంటే, ఆ ఖాళీ పూడ్చడానికి తలుపు కింద నుంచి చల్లగాలి వస్తోంది. లివర్ తిప్పి మూశాను. పైసా ఖర్చు లేదు. ఎవరైనా తెలియక మంట వేస్తే ఇల్లంతా పొగ, విషవాయువు నిండుతాయి కాబట్టి ఆ లివర్‌కి "మూసి ఉంది, మంట వేయకూడదు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అట్ట ముక్క రాసి కట్టాను. తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించాం.

ఇక వెలుతురు. నా దృష్టిలో కోజీ అనే మాటలో ముప్పావు వంతు ఇదే, మిగతా అంతా పావు. ఆ సీలింగ్‌లో ఎనిమిది లైట్లు గుంటల్లో బిగించి ఉన్నాయి, అన్నీ "డేలైట్" బల్బులు, 5000 కెల్విన్. ఈ కెల్విన్ లెక్క తిరకాసుగా ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు తిరుగుతుంది. పాతకాలపు ఫిలమెంట్ బల్బు 2700 దగ్గర, కొవ్వొత్తి అంతకంటే కిందే. 5000 అంటే మధ్యాహ్నపు తెలుపు. మనవాళ్ళకు అదే ఇష్టం, ట్యూబ్‌లైటు కింద పెరిగాం మరి. పద్దెనిమిది అడుగుల పైనుంచి ఆ తెల్లటి వెలుగు పడితే ముఖాల మీద నీడలు కళ్ళ కింద పడతాయి, అందరూ అలసిపోయినట్టు కనిపిస్తారు. సెప్టెంబర్‌లో ఆరున్నర దాటాక పొద్దు వాలుతుంది కాబట్టి పెద్దగా తెలియదు. నవంబర్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, ఆ రోజు నుంచి ఐదు ప్రాంతానికే పొద్దు గుంకుతుంది. అప్పటి నుంచి ఫిబ్రవరి దాకా ఆ ఇంట్లో మనుషులు బతికేది బల్బుల వెలుగులోనే.

నా పద్ధతి ఏమిటంటే, పైన ఉన్న సీలింగ్‌ను మరిచిపోయేలా చేయడం. వెలుగంతా ఐదడుగుల లోపే ఉంటే, పైన ఉన్న పదమూడు అడుగులు చీకట్లో కలిసిపోతాయి. గది దానంతటదే పొట్టిదవుతుంది. ఐదు దీపాలు పెట్టాం. సోఫా కొస బల్ల మీద ఒకటి, ఎదురు మూల పొడుగు స్టాండు లైటు, పెద్దావిడ కుర్చీ పక్కన ఒకటి, వీధి తలుపు దగ్గర బల్ల మీద ఒకటి, ఐదోది ఫైర్‌ప్లేస్ లోపల. అందులో ఇంట్లో ఉన్న ఇత్తడి గుండిగ, రెండు బిందెలు చింతపండుతో తోమించి పెట్టి, వెనక చిన్న లైటు దాచాం. ఇత్తడి మీద పడి తిరిగొచ్చే వెలుగు దాదాపు నిప్పుల రంగులోనే ఉంటుంది. అన్నీ 2700 కెల్విన్. బల్బు కంటికి కనబడకుండా, దీపం షేడ్ అడుగు అంచు కూర్చున్న మనిషి కంటి ఎత్తులో ఉండాలి; నేలనుంచి నలభై అంగుళాలు అటూ ఇటూ. బల్బు ఇచ్చే వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు. ఇంతకు ముందు ఎనిమిది లైట్లూ కలిపి ఐదువేల పైచిలుకు ల్యూమెన్లు. ఇప్పుడు ఐదూ కలిపి 2600. లెక్కకు సగం వెలుగు.

ఆ సగం దగ్గరే గొడవ వచ్చింది. సాయంత్రం దీపాలు పెట్టేవేళ ఇల్లంతా వెలుగుతో కళకళలాడాలి కదా. మొదటిరోజు నేను పైలైట్లు తీసేసి ఐదు దీపాలూ వేస్తే పెద్దావిడ వంటింటి గడపలో నిలబడి, "ఈ గుడ్డి దీపాలేంటమ్మా? ఎవరైనా పోయారనుకుంటారు" అన్నారు. నవ్వేసినా ఆ మాటను పక్కన పెట్టలేదు. పెద్దవాళ్ళ కంటికి మనకంటే ఎక్కువ వెలుగు కావాలి. మూడ్ లైటింగ్ పేరుతో వాళ్ళను చీకట్లో కూర్చోబెట్టడం నా వృత్తిలో చాలామంది చేసే పొరపాటు. అందుకే నాలుగు దీపాలకు 450 ల్యూమెన్ల బల్బులు ఉంచి, ఆవిడ కుర్చీ పక్కదానికి 800 వేశాను, అదీ నేరుగా ఒళ్ళోకి పడేట్టు. బియ్యంలో రాయి కనబడాలి అన్నది నా కొలత. దీపాలన్నీ నాలుగుంపావుకి వాటంతటవే వెలిగేట్టు టైమర్ ప్లగ్గులు పెట్టాం.

పై లైట్లు కూడా పసుపువి చేసి, వెలుగు తగ్గించుకునే డిమ్మర్ పెట్టాలంటే పొడవాటి నిచ్చెన కావాలి. ఎలక్ట్రీషియన్ తెచ్చాడు. ఎలాగూ ఎక్కాడు కదా అని సీలింగ్ ఫ్యాన్ కూడా చూడమన్నాను. చలికాలంలో ఫ్యాన్‌ను తిరగేసి, కింద నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే దిక్కులో, బాగా నెమ్మదిగా తిప్పాలి. అప్పుడు అది గాలిని పైకి లాగి గోడల వెంట వేడిని కిందికి దింపుతుంది, మన మీద గాలి కొట్టదు. ఆ బుల్లి స్విచ్ ఫ్యాన్ డొక్క మీద ఉంటుంది. వీళ్ళింట్లో దాన్ని ఎవరూ ముట్టుకున్న ఆనవాలు లేదు. రెండు రోజుల తర్వాత కొలిస్తే రెయిలింగ్ దగ్గర 72, సోఫా దగ్గర నేల 67.

సామాను సర్దడం అరపూట పని. అన్నీ గోడలకు ఆనించి ఉన్నాయి, నడిమధ్య ఖాళీ. అన్నిటినీ లోపలికి లాగి ఎదురెదురు మనుషుల మధ్య ఎనిమిది అడుగులు మించకుండా పెట్టాను. సోఫా కిటికీని వదిలి లోపలి గోడకు వెళ్ళింది. మేడ గదిలో బట్టలు ఆరేసుకునే స్టాండులా మారిపోయిన ఒక పాత గుడ్డ కుర్చీ దొరికింది. దాన్ని తెచ్చి, వెనక గోడ, ఎడమవైపు ఫైర్‌ప్లేస్, ఎదురుగా వీధి తలుపు, కుడివైపు వంటింటి గడప కనబడేలా వేశాను. టీవీ మాత్రం ఆ కుర్చీలోంచి కాస్త ఏటవాలుగా కనబడుతుంది. అబ్బాయిగారు అది చెప్పారు. ఉండనివ్వండి అన్నాను.

నేల మీద అప్పటిదాకా ఐదు బై ఎనిమిది అడుగుల రగ్గు ఒకటి చెరువులో తెప్పలా తేలుతోంది. ఆ గదికి తొమ్మిది బై పన్నెండు కావాలి, సోఫా, కుర్చీల ముందు కాళ్ళు దాని మీద ఉండాలి. ఏలూరు ఉన్ని తివాచీ తెప్పిద్దామని నాకు కోరిక. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్ళు అక్కడ స్థిరపరచిన విద్య అది, ఈ గదికి సరిగ్గా నప్పేది. దీపావళికి పన్నెండు రోజులే ఉంది కాబట్టి కుదరలేదు, ఇక్కడే బెల్లం రంగు ఉన్నిది కొన్నాం, కింద మెత్తటి ప్యాడ్ వేశాం. నాలుగేళ్ళ మనవడు బొమ్మలు వేసుకునే చోట మాత్రం అల్మరాలో మడతల్లో పడి ఉన్న వరంగల్ దర్రీ పరిచాను. నూలుది, ఉతుక్కోవచ్చు, పిల్లాడు పాలు ఒలికిస్తే ఎవరికీ టెన్షన్ ఉండదు.

లెదర్ సోఫా మార్చే బడ్జెట్ లేదు. సోఫా మీద కప్పే దుప్పటి, త్రో అంటారు, అది కొందామని కోడలు రెండు లింకులు పంపింది, ఒక్కోటి నూట ఎనభై డాలర్లు. ఆ రోజు పెద్దావిడ గదిలో మంచం మీద ఒక బొంత చూశాను. పాత నూలు చీరలు మూడు నాలుగు పొరలు వేసి కుట్టిన బొంత. దగ్గరికి తీసుకుని చూస్తే కుట్టు అంగుళానికి నాలుగైదు కుట్ల చొప్పున, నాలుగు అంచుల నుంచి మొదలై లోపలికి చదరాలు చదరాలుగా తిరిగి నడిమధ్యలో ఆగింది. ఒక మూల పైపొర అరిగిపోయి కింద నుంచి మంగళగిరి చీర అంచు కనబడుతోంది. "ఇది హాల్లో వేసుకుందామా?" అన్నాను. కోడలి ముఖం ఎర్రబడింది. "అయ్యో అక్కా, పాతచీరలు! దీపావళికి అందరూ వస్తారు." పెద్దావిడ కూడా కోడలి పక్షమే: "బొంత ఎవరైనా హాల్లో వేస్తారటమ్మా?"

నేను పెద్దగా వాదించలేదు. సోఫా వీపు మీద నుంచి కూర్చునే చోటు దాకా పరిచి, పక్కన దీపం వేసి, ఇద్దరినీ కూర్చోమన్నాను. వెన్నుకు జిల్లుమనకపోవడం ఎవరికైనా అర్థమవుతుంది. నూట ఎనభై మిగిలింది.

ఇప్పుడు నా తప్పు. కిటికీల కింది వరసకు నేలకు జీరాడే మందపాటి కర్టెన్లు వేయించాను, లోపల లైనింగ్‌తో. చల్లటి అద్దాన్ని కప్పేస్తే సగం చలి పోతుంది, అది నిజమే. చూడటానికి కూడా చాలా అందంగా వచ్చాయి. దీపావళి అక్టోబర్ 20న బాగా జరిగింది. ఇరవై ఎనిమిదిన ఫోన్. "అక్కా, రాత్రి కర్టెన్లు వేస్తే హాలు ఇంకా చల్లగా అవుతోంది. తీస్తే బాగుంటోంది. ఇదేంటి?"

వెళ్ళి చూసి తల కొట్టుకున్నాను. ఈ ఇళ్ళలో వేడిగాలి వచ్చే జాలీలు నేలలో, సరిగ్గా కిటికీల కిందే ఉంటాయి. నాలుగు జాలీల మీదా నా కర్టెన్లు పడ్డాయి. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఊదే గాలంతా కర్టెన్‌కీ అద్దానికీ మధ్య దూరి, అద్దాన్ని వేడిచేసి, పై వరస కిటికీల దాకా ఎక్కిపోతోంది. ఇన్నేళ్ళ అనుభవం ఉండి, జాలీలు ఫ్లోర్ ప్లాన్‌లో నేనే గుర్తుపెట్టుకుని, కర్టెన్ కొలిచేటప్పుడు మరిచిపోయాను. నా ఖర్చుతో అంచులు పైకి మడిచి కుట్టించి, జాలీల మీద గాలిని గదివైపు తిప్పే ప్లాస్టిక్ డొప్పలు పెట్టాను, అయస్కాంతంతో అంటుకుంటాయి. ఇప్పుడు కర్టెన్ అంచు ఆ డొప్ప పైన ఆగుతుంది. జీరాడే సొగసు పోయింది. సోఫా దగ్గర నేల 69కి వచ్చింది.

ఖర్చు అడుగుతారని తెలుసు. రగ్గు, ప్యాడ్ కలిపి 900 డాలర్లు, నాలుగు దీపాలు, ఫైర్‌ప్లేస్ లైటు 360, కర్టెన్లు 280, బల్బులు, డిమ్మర్, టైమర్లు 90, గాలి డొప్పలు 20, తలుపు పట్టీ 25. మొత్తం 1675. నా ఫీజు, ఎలక్ట్రీషియన్ కూలి దీనికి అదనం. మళ్ళీ చేస్తే డబ్బు పెట్టే క్రమం మారుస్తాను. ముందు డ్యాంపర్, ఫ్యాన్, బల్బులు, సామాను జరపడం. ఈ నాలుగూ చేసి రెండు వారాలు ఆగి, అప్పుడు రగ్గు, కర్టెన్ల సంగతి చూస్తాను. దీపావళి గడువు పెట్టుకుని అన్నీ ఒకేసారి చేయడం వల్లే కర్టెన్ తప్పు నాకు ముందే దొరకలేదు. పై వరస కిటికీలను మాత్రం ఏమీ చేయలేకపోయాను. వాటికి రిమోట్ బ్లైండ్లు వేస్తే ఈ బడ్జెట్‌కి రెట్టింపు అవుతుంది. అక్కడ నుంచి చలి ఇంకా దిగుతూనే ఉంది.

నవంబర్ 2న గడియారాలు మారాయి. ఆ వారంలోనే, కార్తీక పౌర్ణమి మర్నాడు, డొప్పలు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూద్దామని నాలుగున్నరకి వెళ్ళాను. దీపాలు అప్పటికే వెలిగి ఉన్నాయి. కోడలు ఆఫీసు కాల్‌లో ఉంది, తలుపు పెద్దావిడే తీశారు. వంటింట్లో స్టవ్వు పక్కన కుర్చీ అలాగే ఉంది. దాని మీద పచ్చడి జాడీ పెట్టి ఉంది. హాల్లో గుడ్డ కుర్చీ పక్కన నేల మీద పళ్ళెం, చిక్కుడుకాయలు సగం ఈనెలు తీసి ఉన్నాయి. సోఫా మీద బొంత లేదు. మనవడు దాన్ని దర్రీ మీదికి లాక్కుని, రెండు దిండ్ల మీద కప్పి గుడిసె కట్టుకున్నాడు, కాళ్ళు మాత్రం బయటికి కనబడుతున్నాయి.

"కూర్చోమ్మా, టీ పెడతాను" అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళబోతూ ఆగి, నా చేతిలో థర్మామీటరు చూసి, "దాంతో నా కాళ్ళు ఎంతున్నాయో చూడు" అన్నారు.

చూశాను. 82.

"ఇంకా చల్లగానే ఉన్నాయి కదూ? మేజోళ్ళు వేసుకోమంటే నాకు చిరాకమ్మా," అంటూ స్టవ్వు వెలిగించారు.